మిలిటరీ కార్డు ఆసుపత్రి గుమ్మం దాకే: పదహారేళ్ళు వాడాక

మా వీధిలో ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డుని ఇప్పటికీ మిలిటరీ కార్డనే అంటారు. నాన్న ఆర్మీలో 24 ఏళ్ళు చేసి 1984లో హవల్దారుగా ఇంటికొచ్చాడు. మాజీ సైనికుల కోసం ఈ పథకం మొదలైంది 2003 ఏప్రిల్ 1న. ఆయన చేరింది మాత్రం 2010లో. పెన్షన్‌తో పాటు వచ్చే మెడికల్ అలవెన్సు ఆగిపోతుందని అన్నేళ్ళూ బిగదీసుకు కూర్చున్నాడు. 1996కి ముందు రిటైరైన వాళ్ళు చందా కట్టక్కర్లేదని తెలిశాక గాని దరఖాస్తు పెట్టలేదు. అప్పట్నుంచి పదకొండేళ్ళు నాన్న కోసం, ఆ తర్వాత అమ్మ కోసం వాడుతున్నాం.

మంచి ముందు చెప్తాను. 2018లో ఒక అర్ధరాత్రి నాన్నకి పక్షవాతం వచ్చింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో పడేశాం, అది ఈ పథకం ఒప్పుకున్న ఆసుపత్రుల జాబితాలో లేదు. తెల్లారగానే తమ్ముడు ఈ పథకం వాళ్ళ పాలీక్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పి, కాగితం కూడా ఇచ్చాడు. జాబితాలో లేనిచోట చేర్చినప్పుడు 48 గంటల్లోగా ఇలా చెప్పాలి, లేకపోతే బిల్లు డబ్బు రాబట్టుకోవడానికి చెప్పులరగాల్సిందే. రెండో రోజు జాబితాలో ఉన్న ఆసుపత్రికి మార్చాం. అక్కడ పదకొండు రోజులున్నాం. స్కానింగులు, ఐసీయూ, మందులు, అన్నీ అయ్యాక ఒక్క రూపాయి అడగలేదు. చిన్న పెన్షన్ మీద బతికే ఇంటికి ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పనక్కర్లేదు.

పన్నెండో రోజు ఇంటికి పంపించారు. కథ అక్కడ తిరగబడింది.

కుడి పక్కంతా పడిపోయిన మనిషి, మాట లేదు, మూత్రానికి గొట్టం. ఆసుపత్రిలో ముగ్గురు నర్సులు వంతులేసుకుని చేసిన పని, డెబ్బై దాటిన అమ్మ ఒక్కతే చెయ్యాలి. ఇంటికొచ్చి చూసే నర్సుగానీ, కాలూ చెయ్యీ ఆడించే ఫిజియోథెరపిస్టుగానీ మా ఊరికి ఎవరూ రాలేదు. గొట్టం మార్చడానికి ఆర్‌ఎంపీ వచ్చేవాడు, మూడొందలు పుచ్చుకునేవాడు. పట్నం నుంచి ఒక ఏజెన్సీ అమ్మాయిని పెట్టాం, నెలకి పద్దెనిమిది వేలు. ఇరవై రోజులకి ఊళ్ళో సిగ్నల్ లేదని వెళ్ళిపోయింది.

పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని డాక్టర్ చెప్పాడు. అమ్మకి గడియారం చూడ్డం అంతంతమాత్రం, ఫోన్లో అలారం పెట్టిచ్చాను. నాన్నది బరువైన ఒళ్ళు, కదిలేది కాదు. ఒకరోజు తమ్ముడు సరదాకి పరేడ్‌లో లాగా "ఏక్... దో!" అన్నాడు. "దో" అనగానే నాన్న ఎడం మడమ మంచానికి తన్నిపెట్టి నడుం లేపాడు. ఆ తర్వాత మూడేళ్ళు, హిందీ ముక్క రాని మా అమ్మ రాత్రీ పగలూ "ఏక్, దో" అంటూ ఆయన్ని తిప్పింది. ఒక్క పుండు పడనివ్వలేదు. ఈ పథకంలో హోమ్ కేర్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ రెండు మాటలే.

మందుల సంగతి మధ్యస్థం. పాలీక్లినిక్ మాకు అరవై కిలోమీటర్లు. మంచాన పడ్డ మనిషిని తీసుకురానక్కర్లేదు, కాగితాలు పట్టుకుని ఇంట్లోవాళ్ళు వెళ్ళినా ఇచ్చారు. కాకపోతే చీటీలో అయిదు మందులుంటే మూడు దొరికేవి, మిగతావాటికి మళ్ళీ రావాలి. బస్సు ఛార్జీలు కలుపుకుంటే కొన్నిసార్లు బయట కొన్నదే నయం అనిపించేది. మార్కులు వెయ్యమంటే ఆసుపత్రికి పదికి తొమ్మిది, మందులకి అయిదు, ఇంటికి సున్నా.

2021లో నాన్న పోయాడు, 82 ఏళ్ళకి. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ఎనభై దాటిన పెన్షనర్లకి 20 శాతం అదనంగా వస్తుంది, అది ఆయనతోనే పోయింది. అమ్మకొచ్చే మామూలు ఫ్యామిలీ పెన్షన్ లెక్క జీతంలో 30 శాతం, నాన్నకి వచ్చింది 50 శాతం లెక్కన. ఇంటి ఖర్చు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గదు కదా. నాన్న ఆర్మీ డిశ్చార్జ్ బుక్‌లో అమ్మ పేరు చివర "అమ్మ" ఉంది, ఆధార్‌లో లేదు. ఆ రెండక్షరాల కోసం నోటరీ అఫిడవిట్లు, సర్పంచ్ సంతకం, రికార్డ్స్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులు, ఏడు నెలలు. ఆ పేరు తేలేదాకా అమ్మ పేరు మీద కొత్త కార్డు కూడా రాలేదు, ఆ ఏడు నెలలూ బీపీ మాత్రలు మా డబ్బులతోనే. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక మాజీ సుబేదారు దగ్గర కూర్చుని ఫారాలు నింపిపెట్టకపోతే ఇంకో ఏడు నెలలు పట్టేది. భర్త బతికుండగానే పేరు, పుట్టినతేదీ పార్ట్ టూ ఆర్డర్లో (కుటుంబ వివరాలు రికార్డుకెక్కించే ఆర్మీ ఉత్తర్వు) సరిచేయించుకోండి. ఇంతకన్నా పనికొచ్చే సలహా నా దగ్గర లేదు.

తర్వాత పెన్షన్ బ్యాంకు నుంచి స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థలోకి మారింది. ప్రయాగ్‌రాజ్ నుంచి నేరుగా ఖాతాలో పడుతుంది, ఇప్పటిదాకా ఒక్క నెలా తప్పలేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఒక్కటే తిప్పలు. జీవితమంతా అంట్లు తోమిన వేళ్ళు, మీసేవలో మిషన్ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఫోన్లో ముఖం చూపిస్తే చాలు. కళ్ళార్పమంటే అమ్మ నవ్వేస్తుంది, నాలుగోసారికి అవుతుంది.

పెన్షన్ రాని మాజీ సైనికులు, వాళ్ళు పోతే వాళ్ళ భార్యలు 65 దాటి ఏ ఆదాయం లేకుండా ఉంటే, కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే సాయం ఒకటుంది. హవల్దారు ర్యాంకు వరకు వర్తిస్తుంది. నెలకి 4,000 ఉండేది, 2025 నవంబరు నుంచి 8,000 చేశారు. తెలియక అడగని వాళ్ళు మా మండలంలోనే ఉన్నారు.

ఇప్పుడు మా ముందున్న పేచీ వయసుది. డిశ్చార్జ్ బుక్ ప్రకారం అమ్మ 1947లో పుట్టింది, ఆధార్‌లో 1952 జనవరి 1. మొదటిది నిజమైతే వచ్చే ఏడాది ఎనభై నిండి ఆవిడకీ 20 శాతం కలుస్తుంది, రెండోదైతే ఇంకో అయిదేళ్ళు ఆగాలి. ఫారం ముందేసుకుని "నువ్వెప్పుడు పుట్టావే?" అని అడిగాను.

"మా ఊరి చెరువు తెగిన ఏడు," అంది. "అది రాయి, వాళ్ళకి తెలుస్తుంది."