చాంగీలో రెండు మజిలీలు

సింగపూర్ చాంగీ విమానాశ్రయం గురించి ఎవరు చెప్పినా జలపాతంతో మొదలుపెడతారు. నేను మరుగుదొడ్లతో మొదలుపెడతాను. డెబ్బై రెండేళ్ళ అమ్మను, ఆమె మోకాళ్ళ నొప్పులను వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళి వచ్చినదాన్ని. పెద్దవాళ్ళతో ప్రయాణం చేసినవారికి నా బాధ వేరే చెప్పనక్కరలేదు. ఏ మూల నిలబడి చూసినా బాత్‌రూమ్ బోర్డు కనిపించడం, లోపలికి వెళితే నేల పొడిగా ఉండటం, బయటికి రాగానే తాగే నీళ్ళ కుళాయి దొరకడం నా లెక్కలో జలపాతం కన్నా పెద్ద సదుపాయాలు. గుమ్మం దగ్గర చిన్న తెర ఒకటి ఉంటుంది. దాని మీద నవ్వుతున్న ముఖం నుంచి చిరాకు పడుతున్న ముఖం దాకా బొమ్మలుంటాయి. శుభ్రత నచ్చితే నవ్వు ముఖాన్ని నొక్కాలి. "ఇది నొక్కితే తుడిచిన పిల్లకు జీతం పెరుగుతుందా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా అమ్మ రెండుసార్లు నొక్కింది.

వెళ్ళేటప్పుడు మా మజిలీ నాలుగు గంటలే, అదీ రాత్రి పూట. మూడో టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట ఉందని, అందులో వెయ్యికి పైగా ఉంటాయని ఇంటి దగ్గరే ఊరించి పెట్టాను. తీరా చీకటి పడ్డాక సీతాకోకచిలుకలు ఎగరవు, ఏ ఆకు కిందో వేలాడి నిద్రపోతాయి. ఈ ముక్క నాకు ముందు తట్టకపోవడం సిగ్గుచేటే. పగటి మజిలీ ఉన్నవాళ్ళే ఆ తోట మీద ఆశ పెట్టుకోవాలి. రాత్రి పూట దిగేవాళ్ళకు అదే టెర్మినల్‌లో ఉచిత సినిమా హాలు ఉంది, ఇరవై నాలుగు గంటలూ ఏదో ఒక సినిమా నడుస్తుంటుంది. మేము పది నిమిషాలు కూర్చుని, చలికి తట్టుకోలేక లేచి వచ్చాం. కాళ్ళు ఒత్తే యంత్రాలు కూడా ఉచితమే. అమ్మ ఒకసారి కాళ్ళు పెట్టి, "ఇది ఒత్తడం కాదు, పిండటం" అని వెంటనే తీసేసింది.

చాంగీలో నేల మీద చాలావరకు తివాచీలే. చప్పుడు మింగేస్తాయి, నడిచేవారి పాదాలకు మెత్తగా ఉంటాయి. కానీ నాలుగు సంచులున్న ట్రాలీని వాటి మీద తోయడం ఇసుకలో బండి లాగినట్టే ఉంటుంది. ఒకటి, రెండు, మూడు టెర్మినళ్ళ మధ్య స్కైట్రైన్ అనే చిన్న రైలు తిరుగుతుంది, టికెట్ లేదు. నాలుగో టెర్మినల్‌కు మాత్రం ఆ రైలు పోదు, బస్సు ఎక్కాలి. మీ రెండో విమానం అక్కడి నుంచి ఉంటే చేతిలో గంట ఎక్కువ పెట్టుకోండి.

ఆ జలపాతం ఉన్న జ్యువెల్ అనే గాజు భవనం ఇమ్మిగ్రేషన్ దాటాక, అంటే సింగపూర్ గడ్డ మీద ఉంది. భారతీయ పాస్‌పోర్టుతో అక్కడికి అడుగు పెట్టాలంటే వీసా కావాలి, లేదా వీసా లేని మజిలీకి వాళ్ళు పెట్టిన షరతులకు మీరు సరిపోవాలి. అయిదున్నర గంటలకు మించి ఆగే ప్రయాణికులకు విమానాశ్రయం వారే ఊరంతా ఉచితంగా తిప్పి చూపిస్తారు కానీ, అది కూడా బయటికి పోవడమే కాబట్టి ఇదే చిక్కు. వీసా లేనివారికి ఒక ఉపాయం ఉంది. రెండో టెర్మినల్ నుంచి మూడో టెర్మినల్‌కు పోయే స్కైట్రైన్ జ్యువెల్ లోపలి నుంచే వెళుతుంది. కిటికీ పక్కన నిలబడితే జలపాతం కొన్ని క్షణాలు కనిపించి మాయమవుతుంది. వెళ్ళేటప్పుడు మా దర్శనం అంతే.

తిరుగు ప్రయాణంలో ఉదయం ఏడింటికి దిగాం, హైదరాబాద్ విమానం రాత్రి ఎనిమిదింటికి. పిన్ని కూతురు టాంపనీస్‌లో ఉంటుంది, అది విమానాశ్రయానికి పక్కనే. అందుకని ఈసారి వీసాలు తీసుకునే వచ్చాం. తెల్లవారుతుండగా విమానం సముద్రం మీదుగా దిగింది. కింద లంగరు వేసిన ఓడలు పదులకొద్దీ. చక్రాలు నేలను తాకే దాకా అమ్మకు నీళ్ళే కనిపించాయి, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకునే ఉంది.

అలా సముద్రం మీదుగా దించాలనే ఈ విమానాశ్రయాన్ని ఇక్కడికి తెచ్చారు. సింగపూర్‌కు ఇది మొదటిది కాదు. 1937లో కలాంగ్‌లో కట్టిన విమానాశ్రయంలో నేల మీద దిగే విమానాలూ, నీళ్ళ మీద దిగే విమానాలూ రెండూ ఆగేవి. విమానంలో భూమిని చుట్టి రావడానికి బయలుదేరిన అమెరికన్ మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ కూడా ఆ ఏడాది జూన్‌లో అక్కడ ఆగింది, మరికొద్ది రోజులకే పసిఫిక్ మీద కనిపించకుండా పోయింది. 1955లో కలాంగ్ స్థానంలో పాయా లేబార్ వచ్చింది. ఇరవై ఏళ్ళు తిరగకుండానే అదీ ఇరుకైపోయింది, చుట్టూ ఇళ్ళు పెరిగాయి. అక్కడే రెండో రన్‌వే వేయమని విదేశీ నిపుణులు సలహా ఇచ్చారు, అప్పటికే దాని మీద బోలెడు డబ్బు పోశారు కూడా. కానీ ప్రధాని లీ క్వాన్ యూ అమెరికాలో బోస్టన్ విమానాశ్రయాన్ని చూసి వచ్చారు. అక్కడ విమానాలు ఊరి మీదుగా కాక నీళ్ళ మీదుగా దిగుతాయి, చప్పుడు సముద్రానికి పోతుంది. 1975లో పాత లెక్కలన్నీ పక్కన పెట్టి, ద్వీపం తూర్పు కొసన ఉన్న చాంగీకి మార్చాలని తేల్చేశారు. నాలుగు కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుక పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టారు. 1981 జులై 1న మొదటి టెర్మినల్ పని మొదలుపెట్టింది. పాయా లేబార్ వైమానిక దళం చేతికి వెళ్ళింది.

అంతకు ముందే చాంగీలో ఒక రన్‌వే ఉండేది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ వశమయ్యాక, పట్టుబడిన మిత్రపక్షాల సైనికులను వేల సంఖ్యలో ఇక్కడి బ్యారక్‌లలో, జైలులో ఉంచారు. 1943 నుంచి వాళ్ళ చేతనే ఇక్కడ విమానాలు దిగే నేలను చదును చేయించారు. యుద్ధం తర్వాత బ్రిటిష్ వైమానిక దళం దాన్నే వాడుకుంది. ఇమ్మిగ్రేషన్ వరసలో నిలబడి ఇదంతా చెబితే అమ్మ ఒక్కటే అడిగింది: "ఖైదీల చేతనా? సరిగ్గా అన్నం పెట్టేవాళ్ళా వాళ్ళకు?" పెట్టేవాళ్ళు కాదు.

ఇక బస సంగతి. ఇమ్మిగ్రేషన్ దాటడానికి ముందే, లోపల గంటల లెక్కన గదులిచ్చే మజిలీ హోటల్ ఒకదానిలో మధ్యాహ్నం దాకా ఉన్నాం. పేరు చెప్పను. గదికి కిటికీ లేదు, ఏసీ తగ్గించే మీట పని చేయలేదు, రెండో దుప్పటి కోసం మూడుసార్లు ఫోను చేయాల్సి వచ్చింది. అయినా రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన మనిషికి నడుము వాల్చే చోటు, వేడినీళ్ళ స్నానం దొరికాయి. కాబట్టి ఇచ్చిన డబ్బు దండగ అనను, కాస్త ఎక్కువ అంటాను. వీసా ఉంటే జ్యువెల్‌లోని యోటెల్ ఎయిర్ ఉంది, అక్కడ కనీసం నాలుగు గంటలకు గది తీసుకోవచ్చు. మూడో టెర్మినల్‌ను ఆనుకుని ఉన్న క్రౌన్ ప్లాజా అసలైన హోటల్, అద్దె కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. ఒక్కరే అయితే గది జోలికి పోకుండా, లోపల అక్కడక్కడా ఉన్న వాలు కుర్చీల మీద ఉచితంగా పడుకోవచ్చు. అయితే తెల్లవారుజామున అవి ఖాళీగా దొరకవు.

మధ్యాహ్నం చెల్లెలు వచ్చి జ్యువెల్‌కు తీసుకెళ్ళింది. మొదటి టెర్మినల్ ముందు ఒకప్పుడు కార్లు నిలిపిన స్థలంలో దీన్ని కట్టి 2019లో తెరిచారు. రూపకర్త మోషె సఫ్దీ, ఊళ్ళో మూడు భవనాల మీద ఓడ పెట్టినట్టు కనిపించే మరీనా బే శాండ్స్ కూడా ఆయనదే. గాజు కప్పు నడుమ పెద్ద కన్నం, అందులోంచి నలభై మీటర్ల ఎత్తున నీటిధార. చుట్టూ అంతస్తులు అంతస్తులుగా చెట్లు. నాలుగు గోడల మధ్య ఉన్న జలపాతాల్లో ఇంత ఎత్తైనది ప్రపంచంలో మరొకటి లేదు. పోసిన నీళ్ళనే మళ్ళీ పైకి తోడతారు, వాన పడితే ఆ నీరూ కలుస్తుంది. అమ్మ తల వెనక్కి వంచి చూసి, "ఇంత పైనుంచి పడుతుంటే మనం తడవడం లేదేమిటి?" అంది. చూడదగ్గదే, కాదనను. కానీ జలపాతం చుట్టూ ఎటు తిరిగినా దుకాణాలే. చెట్ల నీడన కూర్చుందామంటే కాఫీ కొనాల్సి వస్తుంది, పై అంతస్తులోని ఉద్యానానికి టికెట్ కొనాలి.

నా ఓటు మొదటి టెర్మినల్ హాలులోని 'కైనెటిక్ రెయిన్'కు. రాగి రంగు లోహపు చుక్కలు 1,216, ఒక్కొక్కటి సన్నని తీగకు వేలాడుతూ, కంప్యూటర్ ఆజ్ఞతో పైకీ కిందికీ కదులుతాయి. చూస్తుండగానే అలలవుతాయి, గాలిపటమవుతాయి, విమానమవుతాయి. చప్పుడు లేదు, టికెట్ లేదు, పక్కన ఎవరూ ఏమీ అమ్మరు. అమ్మ ఇరవై నిమిషాలు కదల్లేదు. రెండో టెర్మినల్‌లో విమానాల వేళలు టకటకమంటూ తిరిగే పాత బోర్డు ఉండేదట, ఆ చప్పుడంటే తనకు ఎంతో ఇష్టమని, 2020లో తీసేశారని చెల్లెలు చెప్పింది. "ఇక్కడి పిల్లలు పరీక్షలకు చదువుకోవడానికి కూడా ఎయిర్‌పోర్టుకే వస్తారు పెద్దమ్మా. చల్లగా ఉంటుంది, ఎవరూ లేపరు" అంది. ఇన్ని ఉన్నా చాలవని 2025 మేలో అయిదో టెర్మినల్‌కు పునాది వేశారు. ఏడాదికి అయిదు కోట్ల మంది అదనంగా పట్టే కట్టడమట, పూర్తవడానికి ఇంకో పదేళ్ళు.

తిండి దగ్గర మాత్రం శాకాహారులు జాగ్రత్తపడాలి. ఒక దుకాణంలో 'కూరగాయల నూడుల్స్' అని చదివి తెచ్చుకుంటే గిన్నెలో ఎండు రొయ్యలు తేలాయి. వాళ్ళ దృష్టిలో అవి రుచి కోసం వేసినవే, మాంసం కింద లెక్క కాదు. చెల్లెలు తెచ్చిన పులిహోర మమ్మల్ని కాపాడింది. మాంసాహారులకు ఒక మంచి మాట: టెర్మినళ్ళ కార్ల పార్కింగ్ వైపు ఉద్యోగుల క్యాంటీన్లు ఉన్నాయి, బయటివారినీ రానిస్తారు. పైన తినే దాంట్లో సగం ధరకు కడుపు నిండుతుంది.

మూడో టెర్మినల్ 2008 జనవరిలో తెరిచారు. మన శంషాబాద్ అదే ఏడాది మార్చిలో. అంటే ఒక ఈడువే. ఊరు మింగేసిన బేగంపేటను వదిలి శంషాబాద్‌కు పోవడం కూడా పాయా లేబార్ కథే కదా అనిపించింది. కానీ శంషాబాద్‌కు ఈనాటికీ మెట్రో లేదు. ఇక్కడ 2002 నుంచి రైలు టెర్మినల్ కిందికే వస్తుంది, తనా మెరా స్టేషన్‌లో ఒక్కసారి మారితే ఊళ్ళోకి పోవచ్చు. అర్ధరాత్రికి ముందే రైళ్ళు ఆగిపోతాయన్నది గుర్తుంచుకుంటే చాలు.

లోపలికి తిరిగి వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు కూడా అడగలేదు, ముఖమూ కనుపాపా చూసి గేటు తెరుచుకుంది. అమ్మ గేటు వైపు తిరిగి నమస్కారం పెట్టింది. చివరి మెలిక మాత్రం విమానం ఎక్కే చోట ఉంది. మొదటి మూడు టెర్మినళ్ళలోనూ భద్రతా తనిఖీ ఎక్కడికక్కడ గేటు దగ్గరే చేస్తారు. అప్పటిదాకా హాయిగా నింపుకుని తిరిగిన నీళ్ళ సీసాను అక్కడ ఖాళీ చేయాలి. మా సీసాలో ముప్పావు లీటరు ఉంది. చెత్తబుట్ట పక్కన పారబోయమన్నాను. "మంచినీళ్ళు పారబోస్తారటే?" అని వరస పక్కకు జరిగి, అమ్మ మొత్తం గటగటా తాగేసింది. విమానం కదిలి, బెల్టు గుర్తు వెలిగి, ఎవరూ లేవకూడదని చెప్పిన రెండో నిమిషంలో నా భుజం తట్టింది.