గట్టు పెంచాలా, గడ్డి వెయ్యాలా?

పాతపట్నం, పర్లాకిమిడి వైపు వరి రైతులు కలిసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు. ఎరువు కొట్టుకుపోయి గెడ్డలో, అంటే వాగులో, కలవకుండా పొలం గట్టు ఎత్తు చేసుకోవాలా, గెడ్డ ఒడ్డున గడ్డి పెంచాలా? ఈ ఖరీఫ్‌లో కూలి డబ్బులు ఒక పనికే సరిపోతాయి కాబట్టి మేమూ ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చింది.

గడ్డిని తక్కువ చెయ్యను. వట్టివేరు ఒత్తుగా పెరిగితే నీటి వేగం తగ్గి మట్టి అక్కడే దిగిపోతుంది. డీఏపీ ఎరువులోని భాస్వరం ఎక్కువగా మట్టిని అంటుకునే పోతుంది కనుక మట్టి ఆగితే అదీ ఆగినట్టే. కొండవాలున చోడి (రాగి), కంది వేసేవాళ్లకు నేను గడ్డే చెబుతాను.

వరి మడి సంగతి వేరు. ఇక్కడ నీరంతా మడవ (గట్టులో నీరు వదిలే దారి) దగ్గర ఒక్కచోటే దూకుతుంది, ఆ ధారకు గడ్డి వంగిపోతుంది. పైగా యూరియా నీళ్లలో కరిగిపోతుంది. కరిగినదాన్ని బారెడు గడ్డి ఏం ఆపుతుంది?

నా లెక్కలో అసలు విషయం యూరియా చల్లిన మొదటి వారం. మడి నీళ్లలో నత్రజని ఎక్కువగా ఉండేది అప్పుడే. 45 కిలోల యూరియా బస్తాలో అది 20 కిలోల పైచిలుకు. పోయినేడు చల్లిన మూడో రోజే అల్పపీడనం పట్టింది. గట్టులో పీత తవ్విన బొరియ పిడికిలంత కూడా లేదు, తెల్లారేసరికి గండి పడింది. పది రోజులకు దిగువ మడుగు మీద పచ్చటి పాచి తేలింది. అదంతా మా ఎరువు వల్లే అనను గానీ, చూస్తే మనసు కలుక్కుమంది. ఆ గెడ్డ నీరు చివరికి చేరేది వంశధారకే.

అందుకే ఈసారి గట్టు జానెడు ఎత్తు లేపి, బొరియల్లో బంకమట్టి కుక్కి తొక్కాం. నీరు తీసి బురద పదునులో యూరియా చల్లి, రెండు రోజులాగి పలచగా నీరు పెట్టాం. వారం దాకా మడవ ముట్టుకోలేదు. ఏటా మరమ్మతు తప్పదు, పెద్ద వరదకు ఏ గట్టూ నిలవదు. అయినా వరికి నా ఓటు గట్టుకే.

నత్రజని నెమ్మదిగా వదిలేలా వేపనూనె పూసిన యూరియా అంటారా, 2015 నుంచి ఎలాగూ వస్తున్నది అదే. ఆకుల మీద కొట్టే నానో యూరియా సీసాను నమ్మి బస్తా పూర్తిగా మానే ధైర్యం నాకు లేదు.

ఆ వారంలో నీరు తియ్యక తప్పకపోతే గెడ్డలోకి కాకుండా కింది మడిలోకి వదలండి. ఆ రైతుకి ముందే ఒక మాట చెప్పండి, ఆయన ఎరువు తగ్గించుకుంటాడు.