మంచు ట్రిప్పుకి ముందు 500 హెక్టాపాస్కల్ చార్టు: కొన్ని చలికాలాలు వాడాక నా మాట

బెంగళూరు మారతహళ్లిలో కూర్చుని కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో మంచు ఎప్పుడు పడుతుందో చెప్తానంటే మా ఆఫీసు తెలుగు బ్యాచ్ మొదట్లో నవ్వేది. ఇప్పుడు జనవరి రాగానే ‘అన్నా, టికెట్లు తీసేయమంటావా?’ అని నన్నే అడుగుతున్నారు.

ఫోన్‌లో కనిపించే మంచు బొమ్మను నమ్మడం ఎప్పుడో మానేశాను. వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే యూరోపియన్ మోడల్, అమెరికా జీఎఫ్ఎస్ మోడల్ ఇచ్చే 500 హెక్టాపాస్కల్ (గాలి పీడనం కొలత) చార్టులే చూస్తాను. సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తులో గాలి తీరు చూపే పటాలివి. ఉచితమే.

చూడాల్సింది ముఖ్యంగా ఒక్కటి. మధ్యధరా వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్ (చలికాలంలో వాన, మంచు తెచ్చే వాతావరణ వ్యవస్థ) అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదికి చేరేసరికి చార్టులోని గీతలు దక్షిణానికి ఎంత వంగి దిగాయి? ఆ వంపే ద్రోణి. అది ఉత్తరాన పైపైనే దాటిపోతే కాస్త మబ్బు, నాలుగు రేకుల మంచు, అంతే. ఉత్తర అరేబియా సముద్రం దాకా దిగి నెమ్మదిగా కదిలిందా, అక్కడి తేమను లాక్కొచ్చి గుల్మార్గ్ ఉన్న పీర్ పంజాల్ కొండల మీద కుమ్మరిస్తుంది. 2024 జనవరి ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కే) చలికాలం. సగం నెల గడిచినా గుల్మార్గ్ వాలుల్లో మట్టే కనిపించింది, బలమైన ద్రోణి అటు దిగకపోవడమే కారణం. నెలాఖరుకు ద్రోణుల దారి మారి మంచు పడింది. వాయిదా పడ్డ ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ ఫిబ్రవరిలో అక్కడే జరిగాయి.

యూరోపియన్ మోడల్ ఒకే లెక్కను చిన్న చిన్న తేడాలతో 51 సార్లు వేస్తుంది. వాటిలో ఎక్కువ భాగం ఒకే రోజు ద్రోణిని దించితే సెలవు పెట్టేస్తాను. చెల్లాచెదురుగా ఉంటే క్యాన్సిల్ చేసుకోగలిగే టికెట్టే. వారం దాకా ఈ పద్ధతి బాగానే పనిచేస్తోంది. పదిహేను రోజుల అంచనాలు సరదాకి చూసుకోవచ్చు.

నచ్చనిది సెంటీమీటర్ల లెక్క. మోడల్ నేలను గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది, ఆ తొమ్మిది కిలోమీటర్ల గడిలో కొండా లోయా కలిసిపోతాయి. హిమాచల్‌లోని మనాలి ఎత్తు రెండు వేల మీటర్ల పైచిలుకు. ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే ఊళ్లో వాన, పైన సోలాంగ్‌లో మంచు. అందుకే ఫ్రీజింగ్ లెవెల్ (గాలి సున్నా డిగ్రీలకు చేరే ఎత్తు) విడిగా చూసుకోవాలి. ‘ఎన్ని అంగుళాలు?’ అని అడిగేవాడు మా బ్యాచ్‌లో ఇంకా ఒకడున్నాడు, వాడికి జవాబు ఇవ్వను.

ఇంకోటి, మంచు దంచే రోజునే శ్రీనగర్‌లో విమానాలు ఆగిపోతుంటాయి. ద్రోణి తూర్పుకు జరిగిన మర్నాటికి ఫ్లైట్ పెట్టుకోండి. భారత వాతావరణ శాఖ ఐఎండీ రెడ్ అలర్ట్ ఇస్తే మాత్రం చార్టు పక్కన పెట్టేసి దాన్నే వినండి. నా రేటింగ్ ఐదుకు నాలుగు. ఒకటి కోసింది ఆ సెంటీమీటర్లకే.