ట్యాంకు మోడల్‌కు ఏ ట్రాక్ మేలు: బెల్టా, విడి లింకులా, లోహమా?

ఈమధ్యే 1/35 స్కేలులో, అంటే అసలుకు 35వ వంతు సైజులో, టి-34/85 అనే సోవియట్ ట్యాంకు ప్లాస్టిక్ మోడల్ ఒకటి పూర్తి చేశాను. ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీ, కోసం కిట్‌లో వచ్చిన మెత్తటి వినైల్ బెల్టు పక్కన పెట్టి, విడి లింకులు ఒక్కోటీ కలిపి చేసే ప్లాస్టిక్ ట్రాక్ వేశాను. చూసినవాళ్లు టరెట్ మీది పోత గరుకు గురించి అడగలేదు, పచ్చ రంగు గురించీ అడగలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ట్రాక్ కోసం ఇంత కష్టం అవసరమా? బెల్టు చాలదా? పోనీ మెటల్‌ది కొంటే సరిపోయేది కదా?" ఇదే ప్రశ్న ఇంతకుముందూ చాలామంది అడిగారు. ప్రతిసారీ ఒక ముక్క చెప్పి ఊరుకున్నాను. ఈసారి వివరంగా రాస్తున్నాను.

చాలామంది ఈ ఎంపికను ధరతోనో, ఓపికతోనో మొదలుపెడతారు. నేనైతే ఆ రెండూ తర్వాత చూస్తాను. మీరు కడుతున్న ట్యాంకుకు అసలు ట్రాక్ ఎలా వేలాడేదో ముందు తెలుసుకోవాలి. అది తెలిస్తే సగం ప్రశ్న అక్కడికక్కడే తేలిపోతుంది.

అసలు ట్రాకులు రెండు జాతులు. ఒకటి డెడ్ ట్రాక్. ఉక్కు లింకులోంచి ఉక్కు పిన్ను నేరుగా దూరుతుంది, మధ్యలో ఇంకేమీ ఉండదు. సైకిల్ గొలుసులా వదులుగా వేలాడుతుంది. టి-34, టైగర్, పాంథర్, పాంజర్ 4, తొలినాటి టి-55 ఈ జాతివే. రెండోది లైవ్ ట్రాక్. ఇందులో పిన్ను చుట్టూ రబ్బరు బుషింగ్ (తొడుగు) బిగించి ఉంటుంది. లింకు వంగినప్పుడు ఆ రబ్బరు మెలితిరిగి, మళ్లీ యథాస్థితికి, అంటే కొంచెం వంగిన స్థితికి, రావాలని చూస్తుంది. అందుకే విప్పిన ట్రాక్ కొసలు నేలమీద చదునుగా పడుకోకుండా పైకి ముడుచుకుంటాయి. షెర్మన్, ఎం1 ఏబ్రమ్స్, లెపర్డ్ 2 ఈ జాతి. వీటిలో ట్రాక్ పై వరుస, దాన్ని మోసే చిన్న రోలర్ల మీద దాదాపు తిన్నగా సాగిపోతుంది.

ఇక బెల్టు సంగతి. వినైల్ బెల్టు స్వభావం ఏమిటి? సాగుతుంది, బిగుసుకుంటుంది, వంచితే మళ్లీ తన ఆకారానికి రావాలని చూస్తుంది. చాలావరకు లైవ్ ట్రాక్ లాగే! షెర్మన్‌కు బెల్టు వేస్తే అది రాజీపడి వేసినట్టు కాదు. ఆ ట్యాంకుకు అదే సరైన తీరు. రెండు వైపులా కలిపి 158 లింకులు, ఒక్కోదానికి విడి ఎండ్ కనెక్టర్లు (లింకులను కొసల్లో కలిపే ముక్కలు) అతికిస్తూ కూర్చుని, చివరికి పై వరుసను తిన్నగా నిలబెట్టడానికి మళ్లీ తంటాలు పడినవాళ్లను చూశాను. ఆ శ్రమకు తగ్గ తేడా మోడల్‌లో కనబడలేదు. అదే బెల్టును టి-34కు చుడితే మాత్రం వెంటనే తప్పు పట్టేయొచ్చు. ఆ ట్యాంకుకు పై రోలర్లే లేవు. పై వరుస ఐదు పెద్ద చక్రాల మీద పడుకుని, మధ్య మధ్య దిగుతుంది. బెల్టేమో చక్రాలను అంటకుండా గాలిలో తీగలా నిలబడుతుంది. ఎంత బాగా రంగు వేసినా అది పాతిక టన్నులు దాటిన యంత్రమని కంటికి అనిపించదు.

బెల్టును కిందికి దించే చిట్కాలు ఉన్నాయి. చక్రం నెత్తిమీద సూపర్ గ్లూ చుక్క పెట్టి నొక్కి పట్టుకోవచ్చు. హల్ (ట్యాంకు ఒళ్లు) పక్క గోడకు కన్నం చేసి, సన్నని కడ్డీ దూర్చి ట్రాక్‌ను అణచవచ్చు. ఫెండర్ల (ట్రాక్ మీది రేకుల) చాటున కనిపించదు కూడా. కానీ వినైల్ ఆ ఒత్తిడిని మరచిపోదు. నా తొలి ట్యాంకుల్లో ఒకదానికి అలాగే అతికించాను. కొన్ని నెలలకు గ్లూ ఊడి బెల్టు పైకి లేచింది, ఐడ్లర్ చక్రం, అంటే ట్రాక్‌ను లాగే పళ్ల చక్రానికి ఎదురు కొసన ఉండేది, లోపలికి వాలిపోయింది. మరో మోడల్‌లో పాతరకం బెల్టు తగిలిన చోటల్లా ప్లాస్టిక్ చక్రాల అంచులు మెత్తబడి కరిగినట్టయ్యాయి. వినైల్‌ను మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం మెల్లగా బయటికి వచ్చి కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను తింటుంది. బెల్టు వేసేవాళ్లు చక్రాలకు ముందుగా ప్రైమర్, రంగు పూర్తిగా పట్టించి ఆరనివ్వడం మంచిది. కిట్ కంపెనీల్లో డ్రాగన్ వాళ్ల డీఎస్ ట్రాకులు, టమియా వాళ్ల కొత్త బెల్టులు మామూలు ప్లాస్టిక్ సిమెంటుకు (మోడల్ జిగురుకు) అతుక్కుంటాయి, రంగునూ బాగా పట్టుకుంటాయి. వంపు సమస్య వాటికీ ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే ఆ వంపుకు వస్తాను. "లోహపు ట్రాక్ బరువుగా ఉంటుంది, అందుకే సహజంగా వేలాడుతుంది" అని అందరూ అంటారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. కానీ వేలాడే గొలుసు వంపుకూ దాని బరువుకూ సంబంధం లేదు. ఈ లెక్క 1691లోనే హ్యుగెన్స్, లైబ్నిజ్, యోహాన్ బెర్నూలీ తేల్చారు. రెండు ఆధారాల మధ్య ఎడం, గొలుసు పొడవు తెలిస్తే చాలు, వంపు తెలిసిపోతుంది. గొలుసు ఇనుముదా ప్లాస్టిక్‌దా అన్నది అందులో రాదు. మరి లోహపు ట్రాక్ ఎందుకంత బాగా దిగుతుంది? కీళ్ల బిగువును దాని బరువు గెలుస్తుంది కాబట్టి. ప్లాస్టిక్ లింకు చాలా తేలిక. కీలులోకి రంగు కాస్త దూరినా, పిన్ను కొంచెం బిర్రుగా ఉన్నా బిగుసుకుని గాలిలో ఆగిపోతుంది. కీలు వదులుగా ఉంటే ప్లాస్టిక్ గొలుసూ అదే వంపులో వేలాడుతుంది.

ఆ లెక్కలోంచే ఇంకో సంగతి తెలుస్తుంది, పనిలో దాని విలువ చాలా ఎక్కువ. 10 సెంటీమీటర్ల ఎడంలో గొలుసు ఆ ఎడం కన్నా ఒక్క మిల్లీమీటరు పొడవుంటే మధ్యలో సుమారు 6 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. టి-34 లింకు 1/35లో దాదాపు 5 మిల్లీమీటర్లు. అంటే ఒక లింకు చేర్చడమో తీసేయడమో చేస్తే వంపు పూర్తిగా మారిపోతుంది. లింకులతో వంపు సరిచేయాలని చూడకండి. ఐడ్లర్ చక్రాన్ని అతికించకుండా వదిలేసి, ట్రాక్ చుట్టాక దాన్ని ముందుకో వెనక్కో కదిపి, కావలసిన వంపు వచ్చినప్పుడు అంటించండి. అసలు ట్యాంకులో సిబ్బంది చేసేదీ అదే.

ఎంత వంపు కావాలన్నది ఫొటో చూసి తేల్చుకోవాలి. టి-55లో మొదటి, రెండో చక్రాల మధ్య ఎడం ఎక్కువ, అక్కడ ట్రాక్ ఇంకాస్త లోతుగా దిగుతుంది. టైగర్, పాంథర్లలో ముందున్న పళ్ల చక్రం దాటాక జారి, తొలి చక్రాల మీద వాలుతుంది. పాంజర్ 4లో నాలుగు పై రోలర్ల మధ్య చిన్న చిన్న అలలుగా కనిపిస్తుంది. డయోరమా (మోడల్ చుట్టూ నేల, దృశ్యం) కట్టేవాళ్లకు ఇంకో మాట. జర్మన్ ట్యాంకుల్లో పళ్ల చక్రం ముందుంటుంది. ట్యాంకు ముందుకు నడుస్తుంటే అది పై వరుసను లాగుతుంది, వంపు చాలావరకు పోతుంది. టి-34లో పళ్ల చక్రం వెనక ఉంది, లాగేది కింది వరుసను. పరుగెత్తుతున్నప్పుడూ పై వరుస వదులుగానే ఉంటుంది. దుమ్ము లేపుతూ దూసుకెళ్తున్న పాంజర్ 4కు నిద్రపోతున్న ట్రాక్ వేయకండి.

ఇన్ని సంగతులు నా అదుపులో ఉండాలంటే నా ఓటు అతికించే విడి ప్లాస్టిక్ లింకులకే. కీలు కదిలే రకం కాదు, సిమెంటుతో అంటించే రకం. పద్ధతి తెలిసిందే అయినా సమయం గురించి చెప్పాలి. ఒక వైపు వరుసంతా బల్లమీద స్కేలు వారగా పేర్చి, పల్చటి సిమెంటు పట్టించి, దాదాపు అరగంట నుంచి గంట ఆగుతాను. లింకులు విడిపోకూడదు, అలాగని గట్టిపడనూ కూడదు. ఆ మధ్యస్థితిలో చక్రాల చుట్టూ చుట్టి, పై వరుసకూ ఫెండర్‌కూ మధ్య స్పాంజి ముక్కలు కుక్కి, వంపు నాకు కావలసినట్టు దించి రాత్రంతా వదిలేస్తాను. పళ్ల చక్రం, ఐడ్లర్ ట్రాక్‌తో పాటే ఊడి వచ్చేలా ముందే చూసుకుంటే, మర్నాడు మొత్తం ఒకే ముక్కగా తీసి విడిగా రంగు వేసుకోవచ్చు. గట్టిపడ్డ ఆ వంపు ఇక మారదు. రంగు ఎంత పట్టినా, పిగ్మెంటు (రంగు పొడి) ఎంత రాసినా కీలు బిగుసుకుంటుందన్న భయం లేదు.

కష్టం లేదని చెప్పను. టైగర్‌కు వైపుకు 96 లింకులు, రెండు వైపులా 192. ఒక్కోదాన్ని స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే చట్రం) నుంచి తెంచి, మొటిమలు గీకి, అచ్చు పిన్ను వల్ల పడ్డ గుంటలు పూడ్చడానికి ఒక్క నిమిషమే అనుకున్నా మూడు గంటలు దాటుతుంది. టి-34కు 144, అందులో గైడ్ పన్ను (ట్రాక్ చక్రాల మీంచి పక్కకు జారకుండా ఆపేది) ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, మార్చి మార్చి పేర్చాలి. ఒక్కచోట వరుస తప్పితే మళ్లీ మొదటికే. అయినా ఆ మూడు గంటల్లో ట్రాక్ ఎలా పనిచేస్తుందో చేతులకు తెలుస్తుంది. అది నాకు ఇష్టం.

లోహపు ట్రాక్, అంటే ఫ్రియుల్‌మోడెల్ లాంటి కంపెనీల వైట్ మెటల్ లింకులు, రెండు చోట్ల నిజంగా గెలుస్తాయి. మొదటిది ఎగుడుదిగుడు నేల. కదిలే సస్పెన్షన్‌తో ట్యాంకును రాళ్ల మీదకు ఎక్కిస్తే, నేలను బట్టి తానే సర్దుకునే ట్రాక్ కావాలి. రెండోది రంగు. సబ్బుతో జిడ్డు కడిగి, నల్లబరిచే ద్రావణంలో ముంచితే లోహమే ముదురు గోధుమ-నలుపుకు తిరుగుతుంది. ఆ తర్వాత నేల తగిలే అంచుల మీద సన్నని ఎమరీ కాగితం ఆడిస్తే లోపలి లోహం మెరుస్తుంది. రంగు డబ్బాలో ఆ మెరుపు దొరకదు. కాకపోతే చాలా లింకుల కన్నాలు సన్నని డ్రిల్ బిట్‌తో శుభ్రం చేస్తేనే లింకులను కలిపే తీగ దూరుతుంది. బలహీనంగా అతికించిన ఐడ్లర్ ఆ బరువుకు ఊడిపోతుంది, ఇరుసులు గట్టిగా ఉండాలి. షెర్మన్ రబ్బరు దిమ్మెల ట్రాకుకు మాత్రం లోహం దండగ. ఆ ట్రాకులో మెరవాల్సింది ఎండ్ కనెక్టర్లు, గైడ్ పళ్లు మాత్రమే, మిగతాదంతా మాసిన నల్ల రబ్బరు.

ప్లాస్టిక్ లింకులకు నా రంగు వరుస ఇదీ. నల్ల ప్రైమర్, దానిమీద ముదురు గోధుమ, తర్వాత తుప్పు రంగు ఎనామెల్ వాష్ (బాగా పల్చగా కలిపిన రంగు) మూలల్లోకి. తుప్పు అంటే నారింజ కాదు. నడిచే ట్యాంకు ట్రాక్ ఎక్కువగా మాంగనీసు ఉక్కు. దానికి పట్టేది పల్చని గోధుమ పొర, అదీ నేల రాపిడికి రోజూ పోతుంటుంది. వాష్ ఆరాక మట్టి రంగు పిగ్మెంటు. చివర్న మెత్తటి పెన్సిల్ గ్రాఫైటు, నేల తగిలే గట్ల మీదా, గైడ్ పళ్ల పక్కలకూ. లోపలి వైపు మెరుపు చక్రాన్ని బట్టి ఉంటుంది. 1944 తొలినాళ్ల నుంచి వచ్చిన ఉక్కు చక్రాల టైగర్‌లో చక్రం దొర్లే దారి తళతళలాడుతుంది, రబ్బరు టైరున్న పాత టైగర్‌లో అంత ఉండదు. వెండి రంగు డ్రైబ్రష్‌తో (రంగు దాదాపు తుడిచేసిన కుంచెతో) మొత్తం రుద్దేయడం మాత్రం వద్దు.

లింక్ అండ్ లెంగ్త్ ట్రాకులు, అంటే తిన్నటి భాగాలు పొడవు ముక్కలుగా, వంకర చోట్ల విడి లింకులుగా వచ్చేవి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మంచివి. వంపు ముందే అచ్చులో పోసి ఉంటుంది. సస్పెన్షన్ అర మిల్లీమీటరు తేడాగా అంటినా చివరి లింకు కలవదు, అంతే జాగ్రత్త. త్రీడీ ప్రింట్ లింకులు చూడ్డానికి అద్భుతం, పట్టుకుంటే పెళుసు. 1/72లో కిట్‌లో ఏదొస్తే అది వేయండి.

ట్రాక్ పై సగాన్ని పక్క రేకులు కప్పేసే ట్యాంకుకు ఈ చర్చ అంతా దాదాపు అక్కర్లేదు. కింద నేలమీద పడుకునే భాగం, ముందూ వెనకా చక్రాల చుట్టూ తిరిగే భాగం బాగుంటే చాలు, దానికి బెల్టు సరిపోతుంది. నా బల్లమీద ఇప్పుడున్న పాంజర్ 4కు రేకులు పెట్టాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. విడి లింకులు గీకడం అయితే నిన్ననే మొదలుపెట్టాను.