పర్లాకిమిడిలో ఫారాల మాస్టారి గది: పదిహేను వందలకి ఏం వచ్చింది, ఏం రాలేదు

ముందే చెప్పేస్తున్నాను, ఇది సీటు ఇప్పించే చోటు కాదు. అలాంటిది వెతుకుతున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది. ప్లస్ టూ చదివే పిల్లకి ఏ కాలేజీ అయితే బాగుంటుంది, నాలుగేళ్ళకీ కలిపి ఎంతవుతుంది, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి అని కూర్చోబెట్టి మాట్లాడే చోటు. రిటైరైన లెక్కల లెక్చరరు ఒకాయన తన ఇంటి వీధిగదిలో నడుపుతున్నారు. బోర్డు లేదు, పేరు పెట్టలేదు. ఊళ్ళో ‘ఫారాల మాస్టారు’ అని అడిగితే సందు మొదట్లో బరా, ఘుగుని (గారెలు, బఠాణీ కూర) అమ్మే బండివాడే దారి చూపిస్తాడు.

నాది మోటార్ల వైండింగ్ పని. మిక్సీలు, సీలింగ్ ఫ్యాన్లు, ఎండాకాలంలో నీళ్ళ మోటార్లు. మా ఊరు ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే. మా ఇంట్లో తెలుగు, కొట్లో సగం ఒడియా. నేను పదో తరగతి, మా ఆవిడ ఏడు. మా పెద్దది ప్లస్ టూ సైన్సు తీసుకుని ఇంజినీరింగ్ అంటే, ఆ మాట తర్వాత ఏం చెయ్యాలో మా ఇద్దరికీ తెలీదు.

తెలీక మొదట వేరేచోట పడ్డాం. అదొక కన్సల్టెన్సీ, పేరు రాయను. ఏసీ గది, గోడనిండా నవ్వుతున్న పిల్లల ఫ్లెక్సీలు, తాగడానికి బిస్లరీ. పక్క రాష్ట్రం కాదు, దాని అవతల రాష్ట్రంలో కాలేజీ, ‘వంద శాతం ఉద్యోగం’. పదివేలు అడ్వాన్సు కట్టాను. మోటారు విప్పకుండా రేటు చెప్పేవాడి దగ్గర పని చేయించుకోవద్దని మా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి, నా కూతురి విషయంలో నేనే విప్పి చూడలేదు. నాలుగేళ్ళకి మొత్తం ఎంతవుతుందని రెండోసారి వెళ్ళి అడిగితే, ‘ముందు సీటు బ్లాక్ చేద్దాం సార్’ అన్నాడు. మూడు నెలలు తిరిగితే నాలుగు వేలు వెనక్కొచ్చాయి. మిగతా ఆరు వేలకి నీళ్ళొదులుకున్నాను.

ఇక మాస్టారి సంగతి. ఆయన ఒడియా ఆయన. తెలుగు మాకంటే శుభ్రంగా మాట్లాడతారు, లెక్క మాత్రం ఒడియాలోనే వేస్తారు, అదీ పైకి. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఉంటారు. గురువారం సెలవు. మార్గశిరంలో అయితే గురువారాలు తలుపు తట్టే పనే పెట్టుకోకండి, ఇంట్లో మానబసా, అంటే ఒడియా వాళ్ళ లక్ష్మీపూజ ఉంటుంది. ప్లస్ టూ రెండో ఏడు మొదలైన దగ్గర్నుంచి కాలేజీలో చేరి మొదటి స్కాలర్‌షిప్పు ఖాతాలో పడేదాకా మొత్తానికి పదిహేను వందలు. జిరాక్సు, ప్రింట్లు విడిగా. రసీదు ఇవ్వరు, గళ్ళ నోటుబుక్కులో రాసి మనచేత సంతకం పెట్టిస్తారు. నాకది నచ్చలేదు, చెప్పాను కూడా. ‘ఆగ్యా, వచ్చే ఏడు చూద్దాం’ అన్నారు. వచ్చే ఏడు వచ్చేసింది, రసీదు బుక్కు రాలేదు.

మొదటిరోజు మార్కులు అడగలేదు, ర్యాంకు అడగలేదు.

‘ఏడాదికి ఎంత మిగులుతుంది?’

‘ఏడాదికి రెండు లక్షల దాకా వస్తాదండి.’

‘వచ్చేది కాదు బావు. మిగిలేది.’

పిల్ల పక్కనే కూర్చుని ఉంది. దాని ముందు ఆ అంకె ఎప్పుడూ అనలేదు నేను. మా ఆవిడకే పూర్తిగా తెలీదు. గొంతు సవరించుకుని ‘యాభై, ఓ యాభై అయిదు వేలు’ అన్నాను. ఆయన పెన్ను పిల్ల చేతికిచ్చి ‘రాయి’ అన్నారు. అది రాసింది. ఇంటికొచ్చేదాకా బండి మీద ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఈ చోటుకి నేను డబ్బులు కట్టింది ఆ తర్వాత వేసిన కాగితం కోసం అనుకుంటాను. ఒక ఫుల్‌స్కేప్ షీటు, మధ్యకి నిలువు గీత. ఎడమవైపు మేం అనుకుంటున్న ప్రైవేటు కాలేజీ. బ్రోషర్లో ఫీజు ఏడాదికి లక్షా ఇరవై వేలు, అంటే నాలుగేళ్ళకి నాలుగు లక్షల ఎనభై. నేను అక్కడే ఆగిపోయి ఉండేవాణ్ణి. ఆయన కింద రాయించుకుంటూ పోయారు: హాస్టలు, మెస్సు ఏడాదికి ఎనభై అయిదు, నాలుగేళ్ళకి మూడు లక్షల నలభై. ల్యాప్‌టాపు, చేరేటప్పటి డిపాజిట్లు, పరీక్ష ఫీజులు కలిపి అరవై. పండగలకి ఇంటికి రాకపోకలు, సబ్బులు, ఫోను రీఛార్జి ఏడాదికి ఇరవై, నాలుగేళ్ళకి ఎనభై. మొత్తం తొమ్మిది లక్షల అరవై వేలు. అంటే బ్రోషర్లో అచ్చేసినదానికి సరిగ్గా రెండింతలు.

కుడివైపు బరంపురం వైపు ఒక ప్రభుత్వ కాలేజీ, ఆయన ముందే కనుక్కుని ఉంచిన లెక్క. అదంతా నాలుగు లక్షల నలభై మూడు వేలకి తేలింది. దాని కింద ప్రగతి స్కాలర్‌షిప్ అని రాసి, యాభై వేలు ఇంటూ నాలుగు, రెండు లక్షలు తీసేసి చూపించారు. కానీ ఆ ఒక్క వరస మాత్రం పెన్సిల్‌తో రాశారు. ఎందుకండీ అంటే, ‘చేతికి రానిది పెన్నుతో రాయను’ అన్నారు.

ప్రగతి గురించి మా బజారులో ఎవరికీ తెలీదు కాబట్టి కాస్త చెప్తాను. ఏఐసీటీఈ వాళ్ళు, అంటే టెక్నికల్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ, ఆడపిల్లలకి ఇచ్చేది. ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ టెక్నికల్ కోర్సులో చేరి ఉండాలి, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. ఏడాదికి 50,000. ఒక ఇంటి నుంచి ఇద్దరు ఆడపిల్లల దాకా తీసుకోవచ్చు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లోనే అప్లై చెయ్యాలి. అదే పోర్టల్లో కేంద్రం వాళ్ళ ఇంకో స్కాలర్‌షిప్ ఉంది, ఇంటర్ బోర్డులో 80 పర్సెంటైల్ పైన (అంటే నూటికి ఎనభై మంది కంటే పైన) వచ్చినవాళ్ళకి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే, మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000. మా పిల్ల రెండింటికీ సరిపోతుంది. నేను రెండూ పెట్టేద్దాం అన్నాను. ఒకటి తీసుకుంటే రెండోది కుదరదని, పన్నెండు వేల కోసం యాభై వేలు పాడుచేసుకోవద్దని ఆపారు.

మధ్యలో మా బావమరిది మాట ఒకటి. వాళ్ళది పాతపట్నం, ఆంధ్రా వైపు ఊరు, ఇక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళిపోవచ్చు. ‘ఏటి బావా, ఇక్కడ కాలేజీలో వేసీ, ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చీద్ది’ అని ఏడాది పొడుగునా పోరు. పర్లాకిమిడి 1936లో ఒడిశాలోకి వచ్చిందన్న సంగతి మా చుట్టాలకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఆంధ్రాలో లోకల్ అనిపించుకోవాలంటే వరసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి, అక్కడి రీయింబర్స్‌మెంటు అక్కడి వాళ్ళకి. మా పిల్ల ఒక్క తరగతి కూడా అటు చదవలేదు. మాస్టారు ఈ మాట రెండు నిమిషాల్లో చెప్పి, ఒడిశాలో ఇంజినీరింగ్ సీట్లు జేఈఈ మెయిన్ అనే దేశమంతటి ప్రవేశ పరీక్ష ర్యాంకు మీద, ఓజేఈఈ అనే ఒడిశా వాళ్ళ కౌన్సెలింగ్‌లో ఇస్తారు, అటువైపు చూడండి, తహసీల్దారు ఆఫీసు నుంచి రెసిడెన్సు, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు ఇప్పుడే పెట్టుకోండి, జూన్‌లో పరిగెత్తొద్దు అన్నారు. మేం జనవరిలో పెట్టుకున్నాం. జూన్‌లో ఆ ఆఫీసు ముందు వరస చూశాక ఆ పదిహేను వందల్లో ఈ ఒక్క సలహాకే ఆరొందలు చెల్లిపోయాయి అనుకున్నాను.

పేర్ల గోల ఇంకొకటి, ఇది మన తెలుగు ఇళ్ళన్నిటికీ ఉన్నదే. ఆధార్‌లో పిల్ల పేరు ముందు ఇంటిపేరు ఒక్క అక్షరం, పొడి. బోర్డు సర్టిఫికెట్లో బడి గుమాస్తా ఒడియా వాళ్ళ పద్ధతిలో ఇంటిపేరు మొత్తం రాసి చివర తగిలించాడు. పైగా లక్ష్మిలో ‘క్ష’కి ఒకచోట ఎక్స్, ఒకచోట కే ఎస్ హెచ్. బ్యాంకు పాసుబుక్కులో మూడో రకం. నాకు కనబడనేలేదు. ఆయన మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, స్కేలు అడ్డం పెట్టి, అక్షరం అక్షరం వేలుతో చూపించారు. కాయిల్లో ఒక చుట్టు తక్కువైతే ఎక్కడుందో నేను ఇలాగే వెతుకుతాను. బోర్డు సర్టిఫికెట్ మార్చడం కష్టం, ఆధార్ మార్చడం తేలిక, దాన్ని సర్టిఫికెట్‌కి సరిపెట్టి తర్వాత బ్యాంకుకి వెళ్ళండి అన్నారు. నేనైతే బేగి అయిపోతుందని బ్యాంకుకే ముందు పరిగెత్తి ఉండేవాణ్ణి.

కౌన్సెలింగ్‌లో కాలేజీల వరస పెట్టే రోజు ఆయన కీబోర్డు ముట్టుకోలేదు. పిల్లచేతే కొట్టించారు. డబ్బులు తీసుకుని మా పిల్లచేత పని చేయిస్తున్నాడేమిటని నాకు లోపల ఒళ్ళు మండింది. కరెంటు రెండుసార్లు పోయింది, ఇన్వర్టరు ఉంది గానీ బ్యాటరీ ముసలిది, నా చెవికి తెలుస్తుంది దాని మూలుగు. ట్యూషన్ ఫీజు మాఫీ సీట్లని ఉంటాయి, 5 శాతం అదనంగా, ఆదాయం 8 లక్షల లోపు వాళ్ళకి. దానికి టిక్కు పెట్టించారు. రాలేదు, మా ర్యాంకుకి అందలేదు. వస్తుందని ఆయనా చెప్పలేదు. కుడివైపు కాగితంలో రాసుకున్న కాలేజీయే వచ్చింది, అదీ రెండో రౌండులో. ఆ తర్వాత హాస్టల్ నుంచి స్కాలర్‌షిప్ ఫారాలు, కాలేజీ వెరిఫికేషను అన్నీ అదే చేసుకుంది, ఫోన్లో మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా. కాబట్టి ఆ ఒళ్ళుమంటని వెనక్కి తీసుకుంటున్నాను.

అప్పు గురించి. స్కాలర్‌షిప్పు ఏడాది గడిచాక గానీ రాదు, ఫీజు చేరేరోజే కట్టాలి, మధ్యలో ఖాళీకి చిన్న అప్పు చెయ్యండి, వడ్డీ వ్యాపారి దగ్గర కాదు, బ్యాంకులో, అన్నారు. విద్యాలక్ష్మి అని చదువు అప్పుల పోర్టల్ 2015లో పెట్టారట, మేం పెట్టినప్పుడు ఒకే ఫారంతో మూడు బ్యాంకులకి పెట్టుకునే వీలుండేది. మేం రెండు లక్షలకి పెట్టాం. ఒక బ్యాంకులో వెళ్ళగానే పొలం కాగితాలు ఉన్నాయా అన్నారు. నాకు పొలం ఎక్కడిది? మాస్టారికి ఫోన్ చేస్తే, ‘నాలుగు లక్షల లోపు చదువు అప్పుకి తనఖా అడగరాదు. గొడవ పడొద్దు, నెమ్మదిగా ఆ మాట ఒక్కటే చెప్పి కూర్చోండి.’ కూర్చున్నాను. గంటన్నర. అప్పు వచ్చింది. డబ్బు మా చేతికి రాదు, ఏ ఏటికి ఆ ఏడు కాలేజీకే పంపుతారు. వాయిదాలు చదువు అయిపోయిన ఏడాదికి గానీ మొదలవవు, అయినా నెలనెలా వడ్డీ కట్టేస్తే అసలు పెరగదని చెప్పారు. మొదటి ఏడు నెలకి అయిదొందల లోపే పడింది, కడుతున్నాను.

మేం చేరింది 2024లో. ఆ నవంబరులో పీఎం విద్యాలక్ష్మి అని కొత్తది పెట్టారు, ఎంపిక చేసిన మంచి కాలేజీలకి హామీదారు లేకుండా అప్పు, 8 లక్షల లోపు ఆదాయం ఉంటే 10 లక్షల దాకా అప్పుకి చదువు కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ. అయితే వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్ళకి ఆ రాయితీ రాదు. అందుకని మేం అటు చూడలేదు. మీ లెక్క వేరేగా ఉండొచ్చు, వేయించుకోండి.

తప్పు కూడా రాయాలి. స్కాలర్‌షిప్పు మంజూరైందని పోర్టల్లో కనబడింది, ఖాతాలో రూపాయి లేదు. రెండు వారాలు నిద్ర లేదు. చివరికి తేలిందేమిటంటే, పిల్ల ఆరో తరగతిలో బడివాళ్ళు తెరిపించిన పాత ఖాతా ఒకటి ఉంది, ఆధార్ దానికి ముడిపడి ఉంది, డబ్బు అందులో పడింది. ఫారంలో మనం ఏ ఖాతా రాసినా ఆధార్ ఎక్కడ ముడిపడితే అక్కడికే పోతుందట. ఈ ముడి ముందే చూడాల్సింది మాస్టారే. చూడలేదు. వెళ్ళి కాస్త గట్టిగానే అడిగాను. ఆయన సర్దిచెప్పబోలేదు, ‘నా పొరపాటు’ అని, గోడమీద అంటించిన లిస్టులో చివర ఆ సంగతి ఒడియాలో రాశారు, కింద నాకోసం తెలుగులో కూడా. పేరు తప్పుల్ని స్కేలు పెట్టి చూసిన మనిషి దీన్నెలా వదిలేశారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంకా ఉన్నాయి. ఫోన్ మూడుసార్లకి ఒకసారి ఎత్తుతారు. మే, జూన్‌లో గదిలో కుర్చీలు చాలవు, అరుగు మీద ఎండలో నిలబడాలి. మెడిసిన్ వాళ్ళకి ఆయన అంత పనికిరారు, నీట్ కౌన్సెలింగ్ నాకు పూర్తిగా రాదని ఆయనే చెప్పి బరంపురం పంపించేస్తారు. మాట కటువు. ఒక తండ్రిని నా ముందే ‘మీరు కొనేది కాలేజీ కాదు, పెళ్ళిలో చెప్పుకునే పేరు’ అనేశారు. ఆ తండ్రి లేచి వెళ్ళిపోయాడు. ఆ మాట అక్కర్లేదని నాకనిపించింది.

అయిదుకి నాలుగు ఇస్తాను. రసీదు ఇస్తే నాలుగున్నర.

ఇప్పుడు మా చిన్నది ప్లస్ టూ రెండో ఏడు. పోయిన శుక్రవారం దాన్ని తీసుకెళ్ళాను. అదే బల్ల, అదే గళ్ళ నోటుబుక్కు. ‘ఏడాదికి ఎంత మిగులుతుంది?’ అన్నారు. నేను నోరు తెరిచేలోపు అది పెన్ను తీసుకుని నలభై ఎనిమిది వేలు అని రాసేసింది. అక్క అప్పు వడ్డీ తీసేసే రాసింది.