పాత టాటా 2515 లారీ, దాని డీజిల్ పంపు, చిరిగిన ఒక డయాఫ్రమ్: సుంకి ఘాటు బండి సమీక్ష

టాటా 2515 టన్నేజీ, హార్స్‌పవర్, చాసిస్ బలం గురించి లైన్‌లో తిరిగే వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. ఈ సమీక్ష అంతా దాని కమిన్స్ ఇంజిన్‌కు ఉన్న ఇన్‌లైన్ పంపు గురించే. అందులోనూ ముఖ్యంగా పంపు వెనక, గవర్నర్ (ఇంజిన్ రౌండ్లను అదుపు చేసే భాగం) పైన ఉండే ఎల్‌డీఏ అనే చిన్న డబ్బా గురించి. టర్బో ఊదే గాలిని బట్టి డీజిల్ పెంచేది అదే, లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర ఉంటుంది. అదంటే నాకు చచ్చేంత ఇష్టం. దాన్ని చూడకుండానే డీజిల్ పెంచే స్క్రూ తిప్పేసే పంపు షాపులంటే ఒళ్లు మంట.

మాది రామభద్రపురం. విశాఖ పోర్టులో ఎరువు ఎత్తి జయపురం, జగ్దల్‌పూర్ వైపు వేస్తాను. తిరుగు లోడు బియ్యమో ఇనుమో, ఏది దొరికితే అది. ఆ హైవేకి ఇప్పుడు 26 అని నంబరు పెట్టారు గానీ ఇక్కడ డ్రైవర్లు ఇంకా 43 అనే అంటారు. సాలూరు దాటగానే సుంకి ఘాటు మొదలవుతుంది. ఒక ఇంజిన్ లాగుతుందో లేదో అక్కడ తేలిపోతుంది. బండిని సెకండ్ హ్యాండ్‌లో కొని పదేళ్లు దాటింది. సొంత డ్రైవింగే.

ఈ పంపులో కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. ఆరు సిలిండర్లకు ఆరు ప్లంజర్లు, అంటే డీజిల్‌ను ఒత్తి పంపే చిన్న కడ్డీలు. పెడల్ తొక్కితే లోపల ర్యాక్ అనే కడ్డీ జరిగి ప్లంజర్లను తిప్పుతుంది, ఎంత తిరిగితే అంత డీజిల్ నాజిల్‌కు వెళ్తుంది. డీజిల్ లైన్‌లో ఎయిర్ పట్టిందా, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి, బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, పావుగంటలో బండి తీసుకుని పోవచ్చు. అడవి మధ్యలో ఆగిపోయినా లారీ కట్టించుకుని రావలసిన అవసరం నాకు పడలేదు.

కొన్ని సంవత్సరాల తరువాత బండి ఘాటులో డల్ అయింది. థర్డ్‌లో ఎక్కే చోట సెకండ్ వేయాల్సి వస్తోంది. ఫిల్టర్లు మార్చాను, ఎయిర్ క్లీనర్ మార్చాను, ఫీడ్ పంపు చూపించాను. ఏమీ తేడా లేదు. తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట: "పంపులో డీజిల్ పెంచించు." ఒక పంపు షాపుకి తీసుకెళ్లాను. పంపు దించి కొలతలు చూసే టెస్ట్ బెంచ్ ఎక్కించలేదు, పంపు బండి మీద ఉండగానే స్క్రూకి వేసిన సీలు తెంపి, స్క్రూ తిప్పి, యాక్సిలరేటర్ రెండుసార్లు రేస్ చేసి "ఇప్పుడు చూడండి" అన్నారు. నిజమే, పికప్ వచ్చింది. ఆ వారం బాగా సంతోషపడ్డాను.

తరువాత మొదలైంది. గేరు మార్చిన ప్రతిసారీ వెనకాల నల్లటి పొగ. లీటరుకు నాలుగు కిలోమీటర్ల దగ్గర ఉండే మైలేజీ మూడుకు దిగింది. పొల్యూషన్ టెస్టులో పాత డీజిల్ బండ్లకు పొగ పరిమితి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత), నా బండి దాన్ని దాటేసింది. ఇంత డీజిల్ తాగినా ఘాటు పై భాగంలో, పొట్టంగి వైపు ఏటవాలు ఎక్కువైన దగ్గర, బలం పెద్దగా పెరగలేదు. కింద రౌండ్లలోనే పెరిగిన పికప్ అది. టెన్షన్ అంతా పిస్టన్ల గురించి. డ్యాష్‌బోర్డు ముల్లు నీళ్ల వేడే చూపిస్తుంది, పిస్టన్ తల మీద ఎంత వేడి ఉందో చూపించదు. అది తెలిసేసరికి ఇంజిన్ దించాల్సిందే.

ఆ షాపుకి మళ్లీ వెళ్తే నాజిళ్లు మార్చాలన్నారు. మార్చలేదు. సాలూరులో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. (జిల్లాలు విడదీసినప్పుడు సాలూరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయింది గానీ, లారీ పనికి మావాళ్లకి ఇప్పటికీ సాలూరే దిక్కు.) ఆయన పానా కూడా తీయలేదు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి ఎల్‌డీఏ డబ్బాకి వచ్చే సన్న పైపు ఊడదీసి, ఒక ట్యూబు తగిలించి నోటితో ఊదారు. గాలి ఆగాలి కదా, సాఫీగా పోతోంది.

"డయాఫ్రమ్ చిరిగిపోనాది బాబూ. దీన్ని ఒగ్గేసి స్క్రూ తిప్పీసినారేటి?"

ఎల్‌డీఏ అసలు పని ఇది. టర్బో గాలి పెరిగినప్పుడు ఆ ఒత్తిడి సన్న పైపులోంచి వచ్చి డయాఫ్రమ్‌ను తోస్తుంది, అప్పుడు ర్యాక్ ఇంకొంచెం ముందుకు పోయి ఎక్కువ డీజిల్ ఇస్తుంది. గాలి లేనప్పుడు డీజిల్ కూడా తక్కువే, అందుకే గేరు మార్చేటప్పుడు పొగ రాదు. డయాఫ్రమ్ చిరిగితే టర్బో ఎంత ఊదినా పంపుకి ఆ సంగతి తెలియదు. షాపువాళ్లు చేసిందల్లా గాలి ఉన్నా లేకపోయినా అన్ని వేళలా ఎక్కువ డీజిల్ పోయేలా చేయడం. కాలడానికి గాలి చాలకపోతే మిగిలిన డీజిల్ నల్ల పొగగా పోతుంది.

వెంటనే కొత్త డయాఫ్రమ్ వేసేయమంటే ఆయన ఒప్పుకోలేదు. తెరిచిన స్క్రూ మీద డయాఫ్రమ్ కూడా తోడైతే డీజిల్ మరీ ఎక్కువై ఇంజిన్ కాలిపోతుందన్నారు. పంపు దించి బెంచ్ ఎక్కించి, ఆరు ప్లంజర్ల డెలివరీ గాజు గొట్టాల్లో పట్టి సమానం చేసి, స్క్రూ పాత కొలతకు తెచ్చి, ఆ తరువాతే డయాఫ్రమ్ వేసి దాన్ని సెట్ చేశారు. బండి మీద టైమింగ్ కలిపి అప్పజెప్పారు. రెండు రోజులు పట్టింది. కొత్త సీలు వేసి, "మల్లీ ఎవులూ ముట్టకూడదు" అన్నారు.

మళ్లీ ఘాటు ఎక్కినప్పుడు కింద పొగ లేదు, పైన బలం ఉంది. చెయిన్ కట్టి ఎవరో ముందు నుంచి లాగుతున్నట్టే ఉంది. మైలేజీ పూర్తిగా వెనక్కి రాలేదు గానీ దగ్గరికొచ్చింది. ఇంత సుఖం ఒక రబ్బరు ముక్క నుంచి వస్తుందని నేను అనుకోలేదు.

అయితే అడవిలో పావుగంటలో బాగవుతుందని చెప్పింది గాలి పట్టినప్పటి మాట. డీజిల్‌లో నీళ్లు కలిస్తే ప్లంజర్లు అరుగుతాయి, దానికి రోడ్డు పక్కన మందు లేదు. బెంచ్ మీద కొలతలు తెలిసిన చేతులూ తగ్గుతున్నాయి. కంప్యూటర్‌తో డీజిల్ కొలిచే కామన్ రైల్ బండ్లు వచ్చాక కుర్రాళ్లు స్కానర్ పట్టుకుని నేర్చుకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు, పని అక్కడే ఉంది. సాలూరు మాకు దగ్గర కాబట్టి నాకు నడుస్తోంది. చెన్నై, కోల్‌కతా మధ్య చదును రోడ్డు మీద టైముకి లోడు దించాల్సిన వాళ్లకి ఈ బండి కొనమని నేను చెప్పను.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు పంపు సీలు తెగి ఉందేమో ముందు చూడండి. తెగి ఉంటే ధర మాట్లాడే ముందు ఆ సన్న పైపు ఊడదీయించి ఊది చూపించమనండి. నల్ల పొగ చూసి బేరం వదిలేయకండి, చాలాసార్లు అది సెట్టింగే. నీలం పొగ వస్తే మాత్రం ఇంజిన్ ఆయిల్ కాలుతున్నట్టు, ఆ ఖర్చు వేరు. నా బండి విషయానికొస్తే, దాని వయసు 15 ఏళ్లు దాటింది. ఈసారి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పాసైతే ఇంకొన్నాళ్లు ఉంచుతాను, ఇంజిన్ విప్పి సిలిండర్లు బాగు చేయించే బోరు పని పడితే అమ్మేస్తాను.