హంతకుడు తెలిసిపోయాక అసలు కథ: 'డెత్ ఆఫ్ ఎ రెడ్ హీరోయిన్'

1990 మే నెల, షాంఘై. ఊరికి దూరంగా ఉన్న ఒక కాలువలో గస్తీ పడవ పంకాకు ఏదో చుట్టుకుంటుంది. లాగి చూస్తే నల్ల ప్లాస్టిక్ సంచి, అందులో ఒక యువతి శవం. చియూ షియావ్‌లుంగ్ నవల ఇట్లా మొదలవుతుంది. 2000లో సోహో ప్రెస్ వేసిన ఈ పుస్తకం ఆయన మొదటి నవల. మరుసటి ఏడే ఉత్తమ తొలి నవలగా, క్రైమ్ రచనలకు ఇచ్చే ఆంథొనీ అవార్డు తెచ్చుకుంది. ఇన్‌స్పెక్టర్ చెన్ త్సావ్ సిరీస్‌కు ఇదే ఆరంభం.

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. పేజీకో మలుపు, చివరి అధ్యాయంలో ముసుగు తీసే హంతకుడు కావాలనుకునేవాళ్లకు ఈ పుస్తకం నచ్చదు. చంపింది ఎవరన్నది దాదాపు సగానికే తేలిపోతుంది. వాడు చైనాను ఏలే కమ్యూనిస్టు పార్టీలో బాగా పెద్ద పదవి చేసిన నాయకుడి కొడుకు. వాణ్ణి అరెస్టు చేయనిస్తారా, చేయనిస్తే ఎప్పుడు, ఎవరి అవసరం కోసం? మిగతా సగం పుస్తకాన్ని నడిపే ప్రశ్నలివే. ఈ ఉత్కంఠ మామూలు డిటెక్టివ్ నవలల్లో దొరికేది కాదు.

చనిపోయిన గ్వాన్ హోంగ్‌యింగ్ పేరు మోసిన డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో సౌందర్య సాధనాల కౌంటర్ చూసుకునేది. పార్టీ సభ్యురాలు, జాతీయ స్థాయిలో ఆదర్శ కార్మికురాలు. పేపర్లలో ఫొటోలు, సభల్లో ప్రసంగాలు. ఉండేది మాత్రం స్టోర్ వాళ్ల డార్మిటరీలో ఒక్క గదిలో. ఉమ్మడి వసారా, ఉమ్మడి వంటచోటు, గోడకు చెవులు. అయినా ఆమె సొంత జీవితం గురించి పక్క గదివాళ్లకు కూడా ఏమీ తెలియదు. పొగడ్తల కింద మనిషి ఎట్లా మాయమైపోయిందో రచయిత తొందరపడకుండా, పొర తర్వాత పొర విప్పుతాడు. నవలకు ప్రాణం అక్కడే ఉంది.

దర్యాప్తు ఎంత నేలమీద నడుస్తుందో చూడటానికి పబ్లిక్ ఫోన్ సంగతి ఒక్కటి చాలు. అప్పట్లో షాంఘైలో ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్లు అరుదు. గల్లీలో ఒక ఫోన్, దాని దగ్గర ఒక ముసలాయన. ఫోన్ వస్తే చీటీ మీద వివరాలు రాసుకుంటాడు, మనిషిని పిలిపిస్తాడు. చనిపోయిన అమ్మాయికి ఎవరి నుంచి ఫోన్లు వచ్చాయో పోలీసులు ఈ కాగితాల దారిలోనే వెతుక్కుంటూ వెళ్తారు. కంప్యూటర్ లేదు, కెమెరా లేదు. కాగితం, ఓపిక, కాలనీ కమిటీ పెద్దమ్మలతో మాట కలపడం, అంతే. ఈ భాగాన్ని మాత్రం తొందరగా తిప్పేయకండి.

కథంతా ఇళ్ల కరువు పరుచుకుని ఉంటుంది. తొలి అధ్యాయాల్లోనే చెన్‌కు కొత్త ఫ్లాట్ వస్తుంది, మిత్రులకు విందు ఇస్తాడు. పెళ్లి కాని ముప్పై దాటినవాడికి ఒక్కడికే ఫ్లాటా అని డిపార్ట్‌మెంట్‌లో గుసగుసలు. అతని కింద పనిచేసే డిటెక్టివ్ యూ గ్వాంగ్‌మింగ్‌కు భార్యా కొడుకూ ఉన్నారు, ఉంటున్నది తండ్రి ఇంట్లో ఒకే గదిలో. అప్పట్లో అక్కడ ఇల్లు ఇచ్చేది పనిచేసే సంస్థే. ఇంటికి, మందులకు, పెళ్లికి కూడా దాని అనుమతే దిక్కు. గోదావరిఖని, మందమర్రి వైపు సింగరేణి క్వార్టర్లలో పెరిగినవాళ్లకు కంపెనీ ఇల్లు, కంపెనీ దవాఖాన అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. దానికి మనిషి మంచిచెడ్డలన్నీ రాసిపెట్టే పార్టీ ఫైలును కూడా జోడించి ఊహించుకుంటే ఈ పాత్రలు నోరు విప్పడానికి ఎందుకు అంత జంకుతాయో అర్థమవుతుంది.

పోలీసు వ్యవస్థ ముందే తెలిస్తే చదవడం సులువు. చెన్ పనిచేసేది ప్రత్యేక కేసుల విభాగంలో. రాజకీయంగా సున్నితమైన కేసులు దీనికి వస్తాయి. అతని మీద పార్టీ కార్యదర్శి లీ ఉంటాడు, చివరి మాట ఆయనది. సలహాదారుగా రిటైరైన కమిసార్ (పార్టీ తరఫు రాజకీయ అధికారి) జాంగ్ ఉంటాడు, పాత నమ్మకాల మనిషి. బీజింగ్ తియానన్మెన్ కూడలిలో విద్యార్థుల నిరసనను సైన్యం అణచివేసింది 1989 జూన్‌లో, అంటే కథా కాలానికి ఏడాది ముందే. పార్టీ పరువు ఇంకా పచ్చిగాయంలా ఉన్న సమయం. నాయకుడి కొడుకు మీద కేసు పెడితే పాత తరానికి కోపం, వదిలేస్తే జనానికి కోపం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు చెన్ నలిగిపోతాడు. అతను కవి, ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల అనువాదకుడు, పైకి ఎదుగుతున్న పార్టీ సభ్యుడు కూడా. తాను ఎదిరిస్తున్న పలుకుబడిలో తనకూ వాటా ఉందని అతనికి తెలుసు. ఆ ఎరుకే అతన్ని మామూలు కథానాయకుల నుంచి వేరు చేస్తుంది.

లోపాలూ ఉన్నాయి. రచయిత 1953లో షాంఘైలో పుట్టి, 1988లో అమెరికా వెళ్లి అక్కడే ఉండిపోయాడు. నవల ఇంగ్లీషులోనే, బయటి పాఠకుల కోసం రాశాడు. అందుకే ఒక్కో సంగతిని రెండు మూడుసార్లు విడమర్చి చెబుతాడు. సంభాషణ మధ్యలో పాఠం చెప్పినట్టు ఉంటుంది. టాంగ్ రాజవంశ కాలపు పాత చైనా కవితలు అడుగడుగునా వస్తాయి. కొన్ని సన్నివేశానికి అతుకుతాయి, కొన్ని నడకను ఆపేస్తాయి. చెన్ సాక్షిని వెతుక్కుంటూ గ్వాంగ్‌జౌ వెళ్లే భాగం బాగా సాగదీతగా ఉంది. కొత్త డబ్బు, హోటళ్లు, వ్యాపారాలు చూపించడానికి ఆ ప్రయాణం అవసరమే కానీ సగం పేజీలు సరిపోయేవి. చెన్ చుట్టూ ఉన్న ఆడవాళ్లు అతన్ని మెచ్చుకోవడానికే ఉన్నట్టుంటారు. యూ భార్య పేయ్‌చిన్ మాత్రం వేరు. యువతను పల్లెలకు పంపిన రోజుల్లో భర్తతో పాటు యునాన్‌లో గడిపిన మనిషి, ఇప్పుడు రెస్టారెంట్ లెక్కలు రాస్తుంది, కేసులో చొరవగా దిగుతుంది. ఆమె కనిపించిన ప్రతిసారీ పుస్తకం వెలుగుతుంది.

చదివేవాళ్లకు మొదట అడ్డొచ్చేది పేర్లు. చైనా పేర్లలో ఇంటిపేరే ముందు వస్తుంది, మనలాగే. చెన్, యూ, గ్వాన్ అన్నీ ఇంటిపేర్లు. స్పెల్లింగ్‌లో క్యూ ఉంటే 'చ' అని, ఎక్స్ ఉంటే 'ష' అని, 'ఎ' ముందు వచ్చే సి ని 'త్స' అని చదువుకుంటే నాలుక తిరుగుతుంది, పేరు గుర్తుంటుంది. మొదటి యాభై పేజీల్లో కనిపించే పేర్లను, హోదాలను ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. లేకపోతే లీ ఎవరు, లూ ఎవరు అని వెనక్కి తిప్పుకోవడంతోనే సరిపోతుంది. మావో నడిపిన, దేశాన్ని కుదిపేసిన సాంస్కృతిక విప్లవం 1966 నుంచి 1976 దాకా అన్న ఒక్క లెక్క గుర్తుంచుకుంటే, ప్రతి పాత్ర వయసును బట్టి దాని గతం ఏమిటో ఊహకు అందుతుంది.

ఇంగ్లీషు కష్టమైనది కాదు, డిగ్రీ చదివే పిల్లలు డిక్షనరీ లేకుండానే లాగించగలరు. పేపర్‌బ్యాక్ 450 పేజీలు దాటుతుంది, తొలి వంద నెమ్మదిగా నడుస్తాయి. పదో తరగతి పిల్లల చేతికి మాత్రం ఇవ్వొద్దు, లైంగిక విషయాలు సూటిగానే ఉన్నాయి. హన్మకొండ చౌరస్తా షాపుల్లో ఎదురుగా పేర్చి ఉండే రకం పుస్తకం కాదు, పేరు చెప్పి తెప్పించుకోవాల్సిందే. కొనేటప్పుడు సిరీస్‌లో తర్వాతి భాగాలతో తారుమారు కాకుండా చూసుకోండి, అన్నీ ఇన్‌స్పెక్టర్ చెన్ నవలలే. తర్వాతి నవలలు పాత పరిచయాల మీద నడుస్తాయి కాబట్టి దీనితోనే మొదలుపెట్టాలి.